ఊడే జుట్టుకు వంద మందులు.. మొలిపించేవి ఎన్ని?

(మా గ్రామీణ విలేకరి)

నరసరావుపేట: జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని సామెత. జుట్టు లేనివారి గతేమిటో సామెత చెప్పిన పెద్దలు చెప్పలేదు. ఆ కొరత తీర్చడానికి కాబోలు ఇప్పుడు బస్టాండు పక్కన గుడారం వేసుకున్న మూలికల వైద్యుడు మొదలుకొని సెల్‌ఫోనులో కనిపించే పెద్ద క్లినిక్కు దాకా అందరూ సిద్ధంగా ఉన్నారు. పాతికేళ్లకే నుదురు నడినెత్తికి పాకిన కుర్రవాడికి సంబంధాలు కుదరడం లేదని తల్లికి బెంగ. కాన్పయిన మూడో నెలలో దువ్వెన నిండా జుట్టు వస్తోందని కోడలికి భయం. ఈ బెంగను, ఈ భయాన్ని నమ్ముకొని సాగుతున్న వ్యాపారం చిన్నదేమీ కాదు. మిర్చి అమ్మిన డబ్బులో కొంత దీనికి పోతున్న ఇళ్లు పల్నాడులో ఉన్నాయి.

డబ్బు పోవడం ఒక ఎత్తు, ఉన్న జుట్టూ తోలూ పాడుచేసుకోవడం మరో ఎత్తు. అందుకే ఏ మందు పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది, ఏది తేలలేదు, ఏది తలకు చేటు తెస్తుంది అన్నది వివరంగా తెలుసుకోవడం అవసరం.

ముందు జబ్బేదో తేలాలి

మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లపాటు, నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తర్వాత మూడు నెలలు కుదురులో ఊరకే ఉండి రాలిపోతుంది. అదే కుదురులోంచి కొత్తది వస్తుంది. ఈ లెక్కన నిక్షేపంగా ఉన్న మనిషికైనా రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలతాయి. వారానికి ఒకసారి తలంటు పోసుకునే ఆడవారికి ఆ రోజు గుప్పెడు వచ్చిందంటే వింతేమీ లేదు. అవి వారం రోజులవి.

అంతకు మించి రాలుతుంటే అది ఏ రకమో చూసుకోవాలి. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు.

మొదటిది తలంతా ఒక్కసారిగా పలచబడటం. టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాలు, ఆపరేషన్, కాన్పు, ఉపవాసాలు, పెద్ద మనోవ్యాధి.. వీటిలో ఏదో ఒకటి వచ్చిపోయిన రెండు మూడు నెలలకు ఇది మొదలవుతుంది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చి తగ్గిన చాలామందికి ఇలాగే జుట్టు రాలింది. శరీరానికి కష్టం వచ్చినప్పుడు పెరిగే వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి పని మానుకుంటాయి. మూడు నెలల తర్వాత అవన్నీ కలిసి రాలతాయి. జ్వరం వచ్చిన సంగతి అప్పటికి మనిషి మరచిపోయి ఉంటాడు కాబట్టి నూనె మార్చడం వల్లనో, నీళ్లు మారడం వల్లనో అనుకుంటాడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఈ రకం జుట్టు ఏ మందూ వాడకపోయినా ఆరు నెలల్లో దానంతట అదే తిరిగి వస్తుంది. ఆ ఆరు నెలల్లో మనిషి ఊరుకోడు. మందారాకు రుబ్బి పెడతాడు, గుడ్డు సొన రాస్తాడు, మాచర్లలో ఒక నూనె, పిడుగురాళ్లలో ఒక నూనె కొంటాడు. చివర ఏది రాస్తుండగా జుట్టు వచ్చిందో దానికి పేరు దక్కుతుంది. ‘మా తోడికోడలికి దీంతోనే వచ్చింది’ అని ఊరంతా చెప్పుకొనే సాక్ష్యాల్లో చాలావాటి పుట్టుక ఇదే. సాక్ష్యం చెప్పేవారు అబద్ధం ఆడటం లేదు. జుట్టు రావడం నిజం, నూనె రాయడం నిజం. ఆ రెంటికీ ముడి పెట్టడమే బోడితలకూ మోకాలికీ ముడి పెట్టినట్టు అవుతోంది.

అయితే ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే, అదీ ఆడవారికైతే, నూనె సీసా పక్కన పెట్టి రక్తం చూపించుకోవాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే నూటికి యాభై తొమ్మిది మంది. ఒంట్లో ఇనుము చాలకపోతే జుట్టు నిలవదు. థైరాయిడ్ తేడా వచ్చినా అంతే. ఎదురింట్లో అయిదు వందలు పెట్టి కొన్న మూలికా తైలం చూసి మనమూ కొనేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుంటే కానీ ఖర్చు కాదు. లోపం ఉన్నట్టు తేలితే ఐరన్ మాత్రలూ అక్కడే ఇస్తారు. నిజానికి ఈ వ్యాసంలో చెప్పబోయే మందులన్నింటిలో చౌకైనదీ, పల్నాటి ఆడవారికి ఎక్కువగా పనికొచ్చేదీ ఇదే.

రెండో రకం పేనుకొరుకుడు. మూడోది బట్టతల. వాటి సంగతికి వచ్చేముందు నీళ్ల మాట తేల్చుకోవాలి.

బోరు నీళ్ల మీద నింద

జుట్టు ఎందుకు రాలుతోందని పల్నాడులో ఎవరిని అడిగినా ముందుగా వినిపించే జవాబు ‘నీళ్లు పడటం లేదు’ అని. దాచేపల్లి, పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల ప్రాంతమంతా సున్నపురాయి, నాపరాయి పరుచుకున్న నేల. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. బిందె అడుగున తెల్లటి పొర కట్టడం, పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం ఇక్కడి గృహిణులకు కొత్త కాదు. సాగర్ కాలువ నీళ్లతో తలంటుకుంటే జుట్టు పట్టులా ఉంటుందని, బోరు నీళ్లతో అయితే పీచులా అవుతుందని అనేవారూ ఉన్నారు.

పీచులా అవుతుందన్న మాటలో నిజం ఉంది. ఉప్పునీటిలో సబ్బు కరగక తెట్టుకట్టి వెంట్రుకకు అంటుకుంటుంది. వెంట్రుక గరుకెక్కి, చిక్కుపడి, దువ్వెనకు తెగుతుంది. కానీ నీళ్లు నెత్తి తోలు దాటి కుదురుదాకా పోయి దాన్ని చంపవు. బోరు నీళ్లు తాగి, వాటితోనే స్నానం చేసి డెబ్భై ఏళ్లకూ ఒత్తయిన జుట్టున్న ముసలమ్మలు మన ఊళ్లలోనే కనిపిస్తారు. వారి పక్కింట్లోనే, అదే బోరు నీళ్లు పోసుకునే ముప్పై ఏళ్ల వాడికి బట్టతల ఉంటుంది. కొన్ని ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడు ఉన్నమాటా నిజమే. దాని దెబ్బ పళ్లమీద, ఎముకలమీద.

జుట్టు రాలుతోందో తెగుతోందో తెలుసుకోవడానికి డాక్టరు అక్కరలేదు. రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకొని చూడాలి. ఒక కొసన చిన్న తెల్లటి ఉండలాంటిది ఉంటే అది కుదురుతో రాలింది. రెండు కొసలూ ఉత్తవే అయితే మధ్యలో తెగింది. తెగుతున్నట్టయితే కుంకుడుకాయ రసం మంచిది. సబ్బులా ఉప్పునీటిలో తెట్టు కట్టదు. షాంపూ అయినా కట్టదు. చివరి చెంబు కాలువ నీళ్లో వాన నీళ్లో పోసుకుంటే మరీ మంచిది.

నీళ్లమీద నింద వేసి అసలు కారణాన్ని వదిలేసే ప్రమాదం ఎంతటిదో చెప్పడానికి మహారాష్ట్ర ఉదంతం ఒకటి ఉంది. 2024 డిసెంబరు చివర, 2025 జనవరిలో బుల్ఢానా జిల్లా షేగావ్ తాలూకా పల్లెల్లో పిల్లలు, ఆడవారు, మగవారు తేడా లేకుండా మూడు నాలుగు రోజుల్లోనే జుట్టూడి గుండ్లయ్యారు. చేత్తో లాగితే కుచ్చులుగా ఊడివచ్చింది. అక్కడివారూ మొదట బోరు నీళ్లనే అనుమానించారు. చివరకు బాధితుల రక్తంలో సెలీనియం అనే ధాతువు మోతాదుకు మించి ఉన్నట్టు బయటపడింది. తేలుకాటు వైద్యంతో పేరు పొందిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఆ పల్లెలు తిరిగి, చౌకడిపోలో ఇచ్చిన గోధుమల్లో ఆ ధాతువు ఉందని ప్రకటించారు. తర్వాత కొందరికి గోళ్లు కూడా ఊడాయి. ఒక ఊళ్లో పదిమందికి ఒకే వారంలో జుట్టు ఊడిందంటే అది నూనెతో తీరే సంగతి కాదు, ఆరోగ్య శాఖకు కబురు పెట్టాలి.

పేనుకొరుకుడుకు ఉల్లిపాయ

తలమీద రూపాయి బిళ్ల అంత మేర నున్నగా ఊడిపోవడాన్ని మనవారు పేనుకొరుకుడు అంటారు. గడ్డంలోనూ మీసంలోనూ కూడా వస్తుంది. పేను కొరికితే వచ్చేది మాత్రం కాదు. ఒంట్లో రోగాలతో పోరాడవలసిన శక్తే దారితప్పి వెంట్రుక కుదుళ్లమీద పడటం వల్ల వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి దువ్వెన ఒకరు వాడితే రాదు.

దీనికి నాటువైద్యంలో ఉల్లిపాయ కోసి రుద్దడం ఎప్పటినుంచో ఉంది. పెద్ద డాక్టర్లు నవ్వి తీసిపారేసే చిట్కాల్లో ఇదొకటి. కానీ బాగ్దాదులో ఇద్దరు డాక్టర్లు దీన్ని పరీక్ష చేసి 2002లో ఫలితం ప్రచురించారు. పేనుకొరుకుడు ఉన్న 23 మందికి రోజుకు రెండుసార్లు పచ్చి ఉల్లిరసం, మరో 15 మందికి కుళాయి నీళ్లు రాయించారు. ఆరు వారాలకు ఉల్లిరసం వారిలో 20 మందికి, నీళ్ల వారిలో ఇద్దరికి జుట్టు మొలిచింది. చిన్న పరీక్షే. ఇంతమాత్రాన ఉల్లిని మందుల జాబితాలో చేర్చలేరు. అయినా మన అవ్వలు చెప్పింది ఉత్త కట్టుకథ కాదని తెలిస్తే కొంత సంతోషంగానే ఉంటుంది. దీన్ని చూపించి బట్టతలకు ఉల్లి నూనె అమ్ముతున్నారు చూడండి, అదీ మోసం. ఆ పరీక్షలో బట్టతల వారు ఒక్కరూ లేరు.

పేనుకొరుకుడులోనూ జబ్బు దానంతట అదే తగ్గే అవకాశం బాగా ఉంది. ఒకటి రెండు మచ్చలే ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఏడాదిలో మందు లేకుండానే జుట్టు వస్తుంది. తొందరగా కావాలనుకునేవారికి చర్మవ్యాధుల డాక్టరు మచ్చలోనే స్టెరాయిడ్ సూదిమందు నెలకోసారి వేస్తారు. ఎక్కువమందికి పనిచేసే వైద్యం ఇదే. తలంతా ఊడిపోయినవారికి మాత్రం కష్టం. అలాంటివారికోసం బారిసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ మాత్ర పెద్ద మోతాదులో వాడినవారిలో మూడోవంతుకు కాస్త పైగా మందికి తొమ్మిది నెలల్లో తల చాలావరకు నిండింది. ఖరీదైన మందు, క్షయ వంటి జబ్బులు లోపల దాగి ఉంటే పైకి తేగల మందు. పెద్ద ఆసుపత్రి డాక్టరు కనిపెట్టి ఉండి ఇవ్వాల్సిందే.

చేయకూడనివి కూడా ఇక్కడే ఎక్కువ. పేనుకొరుకుడు మీద జీడిగింజ రసం పూయడం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. ఉతకడానికి వేసిన బట్టలు కలవకుండా చెరగని గుర్తు పెట్టడానికి వాడిన రసం అది. తోలు మీద పడితే బొబ్బలెక్కి, పుండై, మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట కుదురు చచ్చిపోతుంది. తనంతట తాను రావలసిన జుట్టు ఇక జన్మలో రాదు. చిత్రమూలం వేరు పూసినా ఇదే గతి. మందుల షాపులో అడిగి తెచ్చుకొనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు నెలల తరబడి పూస్తే తోలు పలచబడి నరాలు తేలుతాయి.

పిల్లల తలలో మచ్చ మీద పొలుసులు లేచి, దురదపెట్టి, వెంట్రుకలు మొదట్లో విరుగుతుంటే అది పేనుకొరుకుడు కాదు, తామర. అది మాత్రం ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది. పైపూత చాలదు, డాక్టరు రాసిచ్చిన మాత్రలు వారాల తరబడి మింగించాలి.

గుంటగలగరాకు, గుండు

గుంటగలగరాకు, మందార, మెంతులు, ఉసిరి, గోరింటాకు, ఆముదం.. ఇవి లేని ఇల్లు లేదు. ఇవి మంచివే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటినప్పుడు వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా కాపాడుతుందని 2003లో మన దేశంలోనే జరిగిన పరీక్షల్లో తేలింది. పొద్దుతిరుగుడు నూనెకు, మినరల్ ఆయిల్‌కు ఆ గుణం లేదట. కాబట్టి ఉన్న జుట్టు తెగకుండా నిగనిగలాడటానికి నూనె పనికొస్తుంది. పైరుకు కంచె వేసినట్టు. విత్తనమే పోయిన చాళ్లలో కంచె ఏం మొలిపిస్తుంది? గుంటగలగరాకు రసం ఎలుకలకు రాస్తే వెంట్రుకలు పెరిగినట్టు పరిశోధనలు ఉన్నాయి. మనుషుల బట్టతల మీద నిలిచే రుజువు రాలేదు.

ఈమధ్య కర్ణాటకలోని మైసూరు జిల్లా హుణసూరు ప్రాంతపు హక్కిపిక్కి తెగవారు అమ్మే ఆదివాసీ నూనె సెల్‌ఫోన్ల ద్వారా ఊరూరా పాకింది. వందకు పైగా మూలికలు ఉన్నాయని చెబుతారు. మూలికల సంఖ్య పెరిగినకొద్దీ గుణం పెరుగుతుందన్న రుజువు లేదు. పైగా అసలు పేరుతో నకిలీ సీసాలు ఎన్ని తిరుగుతున్నాయో చెప్పడం కష్టం.

కోటప్పకొండలోనో తిరుమలలోనో తలనీలాలు ఇస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది మరో నమ్మకం. మొక్కు మొక్కే. దేవుడికిచ్చిన దానికి లెక్కలు కట్టకూడదు. వైద్యం లెక్కన చూస్తే గుండుకూ కుదుళ్ల సంఖ్యకూ సంబంధం లేదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 1928లోనే మగవారి గడ్డాలు గీయించి కొలిచి, గీసినందువల్ల వెంట్రుక లావూ కాదు, వేగంగానూ పెరగదని తేల్చింది. కొత్తగా వచ్చే వెంట్రుకకు మొన మొద్దుగా ఉండటం వల్ల చేతికి గరుకుగా, కంటికి ఒత్తుగా తోస్తుంది. పేనుకొరుకుడు పోవడానికి పసివాళ్లకు మళ్లీ మళ్లీ గుండు చేయించడం దండగ.

బట్టతలకు రెండే మందులు

ఇక అసలైన బట్టతల. నుదుటి రెండు పక్కలా వెనక్కి పోవడం, నడినెత్తిన పలచబడటం మగవారి లక్షణం. ఆడవారికి పాపిట వెడల్పవుతుంది. తల్లివైపు నుంచైనా తండ్రివైపు నుంచైనా వస్తుంది. మేనమామ తల చూసి భయపడేవారు తండ్రి తలా చూసుకోవాలి. దీనికి మూలం మగతనపు హార్మోను. చిన్నతనంలోనే వృషణాలు తీసివేయబడిన మగవారికి బట్టతల రాదని, వారికి ఆ హార్మోను సూదిమందుగా ఇస్తే వంశంలో ఉన్నవారికి వస్తుందని హామిల్టన్ అనే అమెరికా డాక్టరు 1942లో చూపించాడు. 1974లో డొమినికన్ రిపబ్లిక్ అనే దేశంలో కొన్ని కుటుంబాలను పరీక్షించినప్పుడు మరో విశేషం బయటపడింది. ఆ హార్మోనును మరింత ఘాటైన రూపంలోకి మార్చే పదార్థం పుట్టుకతోనే లేని మగవారు అక్కడ ఉన్నారు. వారిలో ఎవరికీ బట్టతల లేదు. ఆ దారిలోనే పుట్టిన మందు ఫినాస్టెరైడ్.

ప్రొస్టేటు వాపుకు 1992లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, అయిదోవంతు మోతాదులో బట్టతలకు 1997లో వచ్చింది. రోజుకు ఒక మిల్లీగ్రాము మాత్ర. రెండేళ్లు వాడినవారిలో నూటికి 83 మందికి ఉన్న జుట్టు పోలేదు. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో అలా నిలిచింది 28 మందికే. కొంతైనా కొత్త జుట్టు వచ్చింది అసలు మందు వాడినవారిలో 66 మందికి, ఉత్తుత్తి మాత్ర వారిలో ఏడుగురికి. బట్టతల మందుల్లో ఇంత స్పష్టమైన లెక్క మరొకదానికి లేదు.

అయితే దీనికి వేరే ముఖం ఉంది. నూటికి ఒకరిద్దరికి కోరిక తగ్గడం, అంగస్తంభన తగ్గడం ఉంటుంది. కొందరికి మనసు కుంగుతుంది. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ఫలితాల్లో ఒకటని యూరప్ మందుల సంస్థ 2025లో నిర్ధారించింది. పిల్లలు పుట్టే వయసు ఆడవారికి ఇవ్వరు. కడుపుతో ఉన్నవారు విరిగిన మాత్రను చేత్తో తాకరాదు, కడుపులో మగబిడ్డ ఉంటే మర్మావయవాలు సరిగా ఏర్పడవు. ఇది వాడేవారు రక్తదానం చేయాలంటే మాత్ర మానిన నెల తర్వాతే చేయాలి. డాక్టరు చీటీ లేకుండా షాపులో కొని మింగే మందు కాదిది.

రెండోది మినాక్సిడిల్. తలకు చుక్కలుగా రాసే మందు. రక్తపోటుకు మాత్రగా ఇస్తుంటే రోగులకు ఒళ్లంతా వెంట్రుకలు మొలవడం చూసి, దాన్నే తలకు రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో మగవారికి అనుమతి వచ్చింది. తర్వాత ఆడవారికీ ఇచ్చారు. 393 మంది మగవారిపై 48 వారాలు జరిగిన పరీక్షలో రెండు శాతం మందుకన్నా అయిదు శాతం మందు 45 శాతం ఎక్కువ జుట్టు మొలిపించింది. నడినెత్తి మీద బాగా పనిచేస్తుంది. పూర్తిగా నున్నబడి ఏళ్లయిన చోట ఎంత పోసినా దండగే.

ఈ మందు కొని నెలకే సీసా పారేసేవారు చాలామంది. దానికి కారణం ఉంది. వాడిన మొదటి నెల రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుక పోయి కొత్తది రావడానికి జరిగే పని అది. ఫలితం కనపడాలంటే నాలుగు నెలలు, తేల్చుకోవాలంటే ఏడాది పడుతుంది. రోజుకు రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, పొడి తలమీద రాయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ రాదు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగనిదే ముట్టకూడదు. ఆడవారికి నుదుటిమీద, చెంపలమీద నూగు రావచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే సీసా దూరంగా పెట్టాలి, పిల్లులకు అది విషం.

రెండు మందులకూ ఉన్న అసలు చిక్కు వేరే ఉంది. వాడినంత కాలమే పనిచేస్తాయి. మానితే కొన్ని నెలల్లో వచ్చిన జుట్టంతా పోయి, మందు వాడకపోతే ఎలా ఉండేదో అలా అవుతుంది. కాలువ కట్టేస్తే చేను ఎండినట్టే. నెలకు కొన్ని వందలు అని మొదలుపెట్టినా, ఇరవై అయిదో ఏట మొదలుపెట్టినవాడు యాభై దాకా ఎంత పెట్టాలో లెక్క వేసుకోవాలి. పెళ్లి కుదిరే వరకు వాడి తర్వాత మానేద్దామని లోలోపల అనుకునేవారికి ఈ సంగతి ముందే తెలియడం మంచిది. ఒక దుర్గి రైతు తలకు మందు వద్దు, ఆ డబ్బు బోరు మోటారుకు పెట్టుకుంటానని అన్నాడట. అదీ ఒక తెలివే.

బయోటిన్ మాత్రల సంగతి ఒక్క ముక్క. ఆ విటమిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివారికి జుట్టు పెంచుతుందన్న గట్టి రుజువు లేదు. పైగా అది వాడుతుండగా థైరాయిడ్, గుండెపోటు పరీక్షలు చేయిస్తే ఫలితం తప్పుగా వచ్చే వీలుందని 2017లో అమెరికా మందుల శాఖ హెచ్చరించింది. సొంత రక్తం తీసి, గిర్రున తిప్పి, పై తేటను నెత్తిలో గుచ్చే వైద్యం కూడా పట్టణాల్లో వచ్చింది. కొందరికి కొంత లాభం ఉన్నట్టు పరీక్షలు చెబుతున్నాయి. చేసే పద్ధతి చోటికొక రకంగా ఉండటంతో ఖాయంగా ఇంత అని చెప్పడానికి లేదు.

నారు తీసి నాటు వేసినట్టు

వెంట్రుకలు నాటే ఆపరేషన్ మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. తల వెనుక భాగంలోని కుదుళ్లకు హార్మోను దెబ్బ తగలదు. ఎంతటి బట్టతలకైనా వెనుక వంకీ మిగలడం అందుకే. అక్కడి కుదుళ్లను నారులా తీసి ముందువైపు నాటితే, కొత్త చోటికి వచ్చినా అవి పాత గుణం వదలవు. ఈ కిటుకును న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఒరెంట్రైక్ 1959లో ప్రచురించాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1939లో, ఒకుడా అనే జపాన్ డాక్టరు కాలిన మచ్చలమీద ఇలాంటి పనే చేసినా యుద్ధం రోజుల్లో అది ప్రపంచానికి తెలియలేదు.

నాటిన వెంట్రుకలు నెలలోపే రాలతాయి. కంగారు పడనక్కరలేదు. మూడు నాలుగు నెలలకు వేళ్లూని మళ్లీ వస్తాయి. ఏడాదికి పూర్తి రూపం తెలుస్తుంది. ఇది నిలిచే వైద్యమే, కానీ కొత్త వెంట్రుక ఒక్కటీ పుట్టదు, ఉన్నదాన్ని చోటు మార్చడమే. నారుమడి చిన్నదైతే పదెకరాలకు నాటు వేయలేం కదా. ఇరవై ఏళ్ల కుర్రవాడు తొందరపడి ముందు భాగం నాటించుకుంటే, నాటినవి అలాగే ఉండి వాటి వెనుక సొంత జుట్టు ఊడిపోతూ, నడుమ ఎండిన మడి మిగులుతుంది. అందుకని ఆపరేషన్ తర్వాత కూడా పై మందులు కొనసాగించమంటారు.

ఇది ఎవరు పడితే వారు చేయవలసిన పని కాదు. ఢిల్లీలో ముప్పై ఏళ్ల మనిషి ఒకరు వెంట్రుకలు నాటించుకున్నాక ఒళ్లంతా చీము దోషం పాకి చనిపోయిన తర్వాత, 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు వేసింది. తగిన శిక్షణ పొందిన డాక్టరే చేయాలని, వీడియోలు చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని అందులో ఉంది. ఆ తర్వాత కూడా కాన్పూరులో ఇద్దరు ఇంజినీర్లు ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. తగ్గింపు ధర చూసి వెళ్లేవారు కత్తి పట్టే మనిషి డిగ్రీ ఏమిటో, రిజిస్ట్రేషన్ నంబరు ఎంతో అడగడానికి మొహమాటపడకూడదు.

గుండు గీసి పూసే మందు

2025 మార్చిలో పంజాబులోని సంగ్రూర్‌లో బట్టతలకు ఉచిత శిబిరం అని పెట్టి ఒక మందు పూశారు. తల కడుక్కున్నాక మందు కళ్లలోకి దిగి 65 మందికి పైగా కళ్లు ఎర్రబడి ఆసుపత్రికి పరుగెత్తారు. మరుసటి నెలలోనే హైదరాబాద్‌లో అదే తీరున గుండు గీసి మందు పూసే వ్యవహారం నడిచింది. జనం బారులు తీరారు. కొందరికి నెత్తి మండి బొబ్బలెక్కాయి. సంగ్రూర్ వార్త అప్పటికే పేపర్లలో వచ్చి ఉంది. అయినా వరస తగ్గలేదంటే బట్టతల బాధ ఎంతటిదో తెలుస్తోంది. ఆ బాధను ఎగతాళి చేయడం తగదు. వరసలో నిలబడ్డవారిలో చదువుకున్నవారూ ఉన్నారు.

ఇలాంటి మాటలకు చట్టంలో అడ్డు లేకపోలేదు. 1945 నాటి మందుల నిబంధనల్లో ‘జె’ షెడ్యూలు అని ఒకటి ఉంది. నయం చేస్తామని మందుల మీద చెప్పుకోరాని 51 జబ్బుల పట్టిక అది. క్యాన్సర్, గుడ్డితనం వంటి వాటితోపాటు బట్టతల కూడా అందులో ఉంది. కొత్త వెంట్రుకలు మొలిపిస్తామనడమూ వేరుగా ఉంది. డబ్బా మీద ‘బట్టతల మాయం’ అని రాసి ఉంటే ఆ రాతే దాని సంగతి చెబుతోంది. ఇలాంటివి కనపడితే ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు.

చర్మవ్యాధుల డాక్టరును చూడాలనుకునేవారికి గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన సీసాలు, ఆయింట్‌మెంటు గొట్టాలు సంచిలో వేసుకుపోవాలి. గడచిన ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, కాన్పులు, మింగిన మాత్రలు చెప్పాలి. తలకు నూనె రాసుకుపోతే డాక్టరుకు కుదుళ్లు కనపడవు. కనుబొమల వెంట్రుకలు రాలుతున్నా, ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చ ఉన్నా జుట్టు సంగతి తర్వాత చూసుకొని ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అది కుష్ఠు కావచ్చు. దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.